పోగుల మధ్య ఆసంజనం

పోగుల మధ్య ఆసంజనం అంటే రెండు సన్నని పోగులు ఒకదానినొకటి తాకినపుడు, వాటి మధ్య జిగురు ఏదీ లేకున్నా, ఒకదానిని మరొకటి పట్టి ఉంచే బలం. ఈ పోగులు పత్తి, కొబ్బరి పీచు, ఉన్ని వంటి సహజమైనవి కావచ్చును, నైలాన్, పాలియెస్టర్ వంటి కృత్రిమమైనవి కావచ్చును. పోగు లావుగా ఉన్నపుడు ఈ బలం కంటికి కనబడనంత తక్కువ. పోగు సన్నబడినకొద్దీ దాని బరువుతో పోల్చినపుడు ఈ బలం చాలా ఎక్కువవుతుంది. అందువలన తాడు, నూలు, కాగితం, వడపోత గుడ్డ, డయాలసిస్ పరికరం వంటి అనేక వస్తువుల తయారీలో దీనిని కొలవడం అవసరమవుతున్నది.

శ్రీకాకుళం జిల్లాలో మందస, పలాస, కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం మండలాలతో కూడిన ఉద్దానం ప్రాంతపు కొబ్బరి పీచు, అదే జిల్లాలోని పొందూరు సన్న ఖద్దరు నూలు ఈ విషయానికి దగ్గరి ఉదాహరణలు. ఈ రెండింటిలోను పొట్టి పోగులే పొడవైన తాడుగా, దారంగా మారుతున్నాయి.

పదజాలం

ఒకే పదార్థపు అణువుల మధ్యనున్న ఆకర్షణను సంసంజనం అనీ, వేర్వేరు పదార్థాల అణువుల మధ్యనున్న ఆకర్షణను ఆసంజనం అనీ భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలు నిర్వచిస్తాయి. అయితే రెండు విడి వస్తువుల ఉపరితలాలు అంటుకొనే సందర్భంలో, ఆ రెండూ ఒకే పదార్థంతో చేసినవైనా, శాస్త్రవేత్తలు ఆసంజనం అనే మాటనే ఎక్కువగా వాడుతున్నారు. నేతపరిశ్రమలో మాత్రం ఏకులోని పోగులన్నీ కలిసి విడిపోకుండా నిలబడే గుణాన్ని సంసంజనం అంటారు. ఈ గుణంలో ఆసంజనం, ఘర్షణ, పోగుల వంకులు ఒకదానిలో ఒకటి చిక్కుకోవడం అన్నీ కలిసి ఉంటాయి.

ఈ వ్యాసంలో పోగు అంటే దారంలోనుండి విడదీసిన ఒంటి తంతువు అని గ్రహించవలెను. కొబ్బరికాయ డొక్కనుండి తీసిన పోగును వాడుకలో ఉన్నట్లు పీచు అనే పేర్కొనడం జరిగింది.

ఘర్షణకు, ఆసంజనానికి తేడా

ఒక పోగు మరొక పోగుమీద జారకుండా అడ్డుకొనేది ఘర్షణ. ఒక పోగును మరొకదాని నుండి నిలువుగా పైకి లేపకుండా అడ్డుకొనేది ఆసంజనం. ఘర్షణ పుట్టాలంటే సాధారణంగా రెండు పోగులనూ ఒకదానికొకటి అదిమే బలం ఉండాలి. ఆ అదుము తీసివేస్తే ఘర్షణ కూడా దాదాపుగా పోతుంది. ఆసంజనానికి అదుము అక్కరలేదు. తాకితే చాలును.

రెండింటికీ సంబంధం లేకపోలేదు. ఆసంజనం ఎక్కువగా ఉన్న పోగులు తమంతట తామే ఒకదానినొకటి అదుముకున్నట్లు ప్రవర్తిస్తాయి. అందుచేత బయటి అదుము సున్నా అయినపుడు కూడా వాటి మధ్య కొంత ఘర్షణ మిగిలి ఉంటుంది. ఘర్షణ బలం అదుముకు అనులోమానుపాతంలో ఉంటుందని ఫ్రెంచి శాస్త్రవేత్త అమొంటాన్ 1699లో చెప్పిన సూత్రం పోగుల విషయంలో పూర్తిగా వర్తించదు. 1950వ దశకంలో హోవెల్, మజూర్ అనే పరిశోధకులు పోగుల ఘర్షణ అదుముతోపాటు పెరిగినా, అంత వేగంగా పెరగదని చూపించారు. అనగా అదుము రెట్టింపు అయితే ఘర్షణ రెట్టింపుకంటె తక్కువగా పెరుగుతుంది.

పొట్టి పోగులు పొడవైన తాడు కావడం

కొబ్బరి పీచు పొడవు సాధారణంగా 10 నుండి 30 సెంటీమీటర్లు. దానితో చేసిన తాడు ఎన్ని మీటర్లైనా ఉండవచ్చును. మధ్యలో ఎక్కడా ముడిలేని, జిగురులేని ఆ తాడు లాగినపుడు ఎందుకు ఊడిపోదు అన్నది పాత ప్రశ్న. ఇటలీ శాస్త్రవేత్త గెలీలియో 1638లో ప్రచురించిన "రెండు నూతన శాస్త్రాలు" అనే గ్రంథంలో ఈ ప్రశ్నను చర్చించాడు.

దీనికి సమాధానం పురిలో ఉన్నది. తాడుకు పురి పెట్టినపుడు బయటి పీచులు లోపలి పీచుల చుట్టూ మెలికపడతాయి. తాడును లాగితే ఆ మెలికలు బిగిసి లోపలి పీచులను నలువైపులనుండి అదుముతాయి. లాగే బలం ఎంత పెరిగితే అదుము అంత పెరుగుతుంది, అదుముతోపాటు ఘర్షణ పెరుగుతుంది. పురి విప్పితే అదుము పోయి, పీచులు చేతితో లాగితేనే విడివిడిగా వచ్చేస్తాయి.

చుట్టుకొన్న తాడు ఎంత బలంగా పట్టుకొంటుందో తెలిపే సూత్రాన్ని ఆయిలర్, ఐటెల్వైన్ అనే శాస్త్రవేత్తల పేర్లతో పిలుస్తారు. దీని ప్రకారం చుట్ల సంఖ్య పెరిగినకొద్దీ పట్టు గుణశ్రేఢిలో పెరుగుతుంది. పడవ తాడును ఒడ్డున ఉన్న గుంజకు చుట్టినపుడు, ఘర్షణ గుణకం 0.3 అనుకొంటే, ఒక చుట్టుకు అవతలి లాగుడు ఇవతలి చేతి బలానికి సుమారు 6.6 రెట్లు వరకు నిలుస్తుంది. మూడు చుట్లకు అది సుమారు 285 రెట్లు అవుతుంది. నూలులోని పోగులు కూడా ఒకదాని చుట్టూ ఒకటి ఇలాగే మెలికపడి ఉంటాయి.

ప్రతి పోగు కొన దగ్గర పట్టు సున్నా. కొననుండి లోపలికి పోయినకొద్దీ పట్టు కూడుతూ వస్తుంది. పోగు సగం పొడవులో కూడిన పట్టు ఆ పోగు తెగే బలాన్ని మించితే, దారాన్ని లాగినపుడు పోగు జారదు, తెగుతుంది. మించకపోతే పోగు తెగకుండా జారిపోతుంది. కాబట్టి పోగు పొడవు తగ్గినా, పట్టు తగ్గినా, పురి తగ్గినా దారం జారుడువల్ల విడిపోతుంది. నాణ్యమైన పోగుతో నాసి దారం రావడానికి ఇదొక కారణం.

ఉద్దానం కొబ్బరి పీచు

ఉద్దానం అనే పేరు ఉద్యానవనం అనే మాటనుండి వచ్చినదని చెబుతారు. ఇక్కడి ఇసుక నేలల్లో కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు ఎక్కువ. పలాస-కాశీబుగ్గ జీడిపప్పు పరిశ్రమకు ప్రసిద్ధి చెందగా, కొబ్బరి డొక్కలనుండి పీచు తీయడం, తాళ్ళు పేనడం ఈ తీరప్రాంతపు ఉపాధులలో ఒకటి. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుఫాను ఈ ప్రాంతపు కొబ్బరి, జీడి తోటలకు తీవ్రనష్టం కలిగించింది.

కొబ్బరి పీచు ముఖ్యంగా సెల్యులోజు, లిగ్నిన్ అనే పదార్థాలతో ఏర్పడినది. లిగ్నిన్ పాలు పత్తి, జనుము వంటివాటికంటె చాలా ఎక్కువ. ఇందువలననే పీచు నీటిలో త్వరగా కుళ్ళదు. పీచు మందం సుమారు పావు మిల్లీమీటరు. సూక్ష్మదర్శినిలో చూసినపుడు దాని ఉపరితలం నునుపుగా కాక, చిన్న చిన్న బొడిపెలతోను, పైన మైనంవంటి పొరతోను కనబడుతుంది.

ఈ లక్షణాలవలన కొబ్బరి పీచుల మధ్య ఆసంజనం లెక్కలోకి రానంత తక్కువ. ఒక పీచును మరొక పీచుమీద అడ్డంగా ఉంచి పైకి ఎత్తితే కింది పీచు వెంటరాదు. కొబ్బరి తాడు బలమంతా పురినుండి, ఘర్షణనుండి వచ్చినదే. పీచును కొద్దిగా తడిపి పేనడంవల్ల అది మెత్తబడి పురికి లొంగుతుంది. పరుపుల తయారీలో పీచును ముందుగా గట్టి పురి పెట్టి, కొంతకాలం ఉంచి, తరువాత విప్పుతారు. అపుడు పీచులు వంకులు తిరిగి ఒకదానిలో ఒకటి చిక్కుకొంటాయి. ఆ పైన రబ్బరు పాలు చల్లి అతికిస్తారు. అనగా పీచులలో స్వతహాగా లేని ఆసంజనాన్ని వంకులతోను, రబ్బరుతోను భర్తీ చేస్తున్నారని చెప్పవచ్చును. క్షారద్రావణంలో కడిగి మైనపు పొరను తొలగిస్తే పీచుకు రబ్బరు, రెసిన్ వంటివి మరింత బాగా అంటుకుంటాయి.

భారతదేశంలో కొబ్బరి పీచు పరిశ్రమ అభివృద్ధికి 1953 నాటి చట్టం ప్రకారం కాయిర్ బోర్డు ఏర్పడింది. దీని ప్రధాన కార్యాలయం కొచ్చిలో, కేంద్ర పరిశోధనాసంస్థ అలప్పుళ సమీపంలోని కలవూరులో ఉన్నాయి.

పొందూరు నూలు

పొందూరు సన్న ఖద్దరుకు వాడే నూలు 100 కౌంటు, ఆపైన ఉంటుంది. ఆంగ్ల కౌంటు పద్ధతిలో ఒక పౌను బరువు నూలులో 840 గజాల చిలపలు ఎన్ని ఉంటే అన్ని కౌంట్లు. ఈ లెక్కన 100 కౌంటు నూలు ఒక గ్రాముకు సుమారు 169 మీటర్లు వస్తుంది. సాధారణ పత్తి పోగు బరువుతో లెక్కిస్తే, ఇటువంటి దారాన్ని ఎక్కడ అడ్డంగా కోసినా అందులో దాదాపు 35 నుండి 40 పోగులు మాత్రమే ఉంటాయి. ఇంత తక్కువ పోగులున్న దారంలో నాలుగైదు పోగులు సరిగా పట్టుకోకపోయినా దారం అక్కడ తెగిపోతుంది.

అందుచేత పొందూరులో పోగులను సరిచేయడానికి ప్రత్యేక శ్రద్ధ తీసుకుంటారు. పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడలోని సన్నని పళ్ళు చెత్తను తొలగించి, పోగులను ఒకే దిశలో వరుసగా అమరుస్తాయి. తరువాత గింజను వేరుచేసి, దూదిని ఏకి, ఏకులుగా చుట్టి రాట్నంమీద వడుకుతారు. పోగులు సమాంతరంగా ఉన్నపుడు ఒకదానినొకటి ఎక్కువ పొడవున తాకుతాయి. తాకిన పొడవు పెరిగితే పట్టు పెరుగుతుంది. పత్తి పోగుకు సహజంగా ఉండే మెలికలుకూడా ఇందుకు తోడ్పడతాయి.

వడికేవారి వేళ్ళు చేసే పనికూడా ఒక విధమైన కొలతే. ఏకునుండి పోగులు మరీ సులభంగా వస్తే దారం పలచబడి తెగుతుంది. మరీ బిగువుగా వస్తే దారం ముద్దలు కడుతుంది. ఆ బిగువును వేలితో గ్రహించి వడికేవారు చేతివేగాన్ని, కదురు వేగాన్ని సరిచేసుకుంటారు. ప్రయోగశాలలోని యంత్రం ఇదే బిగువును అంకెలలో చెబుతుంది.

అణుస్థాయిలో కారణం

జిగురు లేకుండా రెండు ఉపరితలాలు అంటుకోవడానికి ముఖ్యకారణం వాన్ డర్ వాల్స్ బలాలు. డచ్చి శాస్త్రవేత్త వాన్ డర్ వాల్స్ 1873లో అణువుల మధ్య ఆకర్షణ ఉన్నదని ప్రతిపాదించాడు. విద్యుదావేశం లేని అణువుల మధ్య కూడా ఆకర్షణ ఎందుకుంటుందో లండన్ అనే శాస్త్రవేత్త 1930లో క్వాంటం సిద్ధాంతంతో వివరించాడు. ఈ బలాలు కొద్ది నానోమీటర్ల దూరంలోనే గట్టిగా పనిచేస్తాయి. కాబట్టి ఉపరితలాలు నిజంగా దగ్గరగా రావడం ముఖ్యం.

ఇవికాక గాలిలోని తేమవల్ల ఏర్పడే నీటి వంతెనలు, స్థిరవిద్యుత్తు, సెల్యులోజు పోగులలో హైడ్రోజన్ బంధాలు కూడా తోడవుతాయి. కాగితం తయారీలో గుజ్జు ఆరేటపుడు నీటి తలతన్యత పోగులను దగ్గరకు లాగుతుంది, నీరు పోయిన తరువాత హైడ్రోజన్ బంధాలు వాటిని పట్టి ఉంచుతాయి. కాగితం తడిస్తే సులభంగా చిరగడానికి ఈ బంధాలు నీటివల్ల సడలడమే కారణం.

కొలతల చరిత్ర

1928లో టామ్లిన్‌సన్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త ఘనపదార్థాలు తాకినపుడు పుట్టే ఆకర్షణను సన్నని తంతువులతో ప్రయోగాలు చేసి పరిశీలించాడు. 1932లో బ్రాడ్లీ క్వార్ట్జ్ గోళాల మధ్య ఆసంజనాన్ని కొలిచి, అది గోళపు వ్యాసార్ధానికి అనులోమానుపాతంలో ఉంటుందని నిర్ధారించాడు.

1948లో లిండ్‌బెర్గ్, గ్రాలెన్ రెండు ఒంటి పోగులను ఒకదానితో ఒకటి మెలిపెట్టి ఘర్షణను కొలిచే పద్ధతిని ప్రకటించారు. 1969లో టాబర్, వింటర్టన్, 1972లో ఇజ్రాయెలాచ్విలి, టాబర్ ఒకదానికొకటి అడ్డంగా ఉంచిన అభ్రకపు స్తూపాల మధ్య బలాలను అతి స్వల్పదూరాలలో కొలిచారు. ఈ అడ్డస్తూపాల అమరికే తరువాత పోగుల ప్రయోగాలకు నమూనా అయింది.

1971లో జాన్సన్, కెండాల్, రాబర్ట్స్ మెత్తని వస్తువుల ఆసంజనానికి ఒక సిద్ధాంతాన్ని ఇచ్చారు. దీనిని వారి పేర్ల తొలి అక్షరాలతో జేకేఆర్ సిద్ధాంతం అంటారు. 1975లో డెర్యాగిన్, ముల్లర్, టొపొరోవ్ గట్టి వస్తువులకు సరిపోయే మరొక సిద్ధాంతాన్ని ఇచ్చారు. 1986లో బిన్నిగ్, క్వేట్, గెర్బర్ అణుబల సూక్ష్మదర్శినిని రూపొందించిన తరువాత నానోన్యూటన్ల స్థాయిలో బలాలను కొలవడం సాధ్యమైనది. 2000లో బల్లి పాదంలోని ఒక్క సన్నని రోమం సుమారు 200 మైక్రోన్యూటన్ల బలాన్ని ఇవ్వగలదని కొలిచారు. 2010లో అమెరికాలోని ఏక్రన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, వారి సహచరులు విద్యుత్‌క్షేత్రంతో తీసిన సన్నని పాలిమరు పోగుల మధ్య ఆసంజనాన్ని నేరుగా కొలిచి "లాంగ్మ్యూర్" పత్రికలో ప్రచురించారు.

కొలిచే పద్ధతులు

ఏకు పరీక్ష: పురిలేని ఏకును యంత్రపు రెండు పట్టుల మధ్య బిగించి నెమ్మదిగా లాగుతారు. పోగులు జారి ఏకు విడిపోయేటపుడు ఉన్న గరిష్ఠబలాన్ని ఏకు ఒక మీటరు బరువుతో భాగిస్తారు. ఉదాహరణకు మీటరుకు 5 గ్రాములున్న ఏకు 50 గ్రాముల లాగుడుకు విడిపోతే, ఫలితం 10 మీటర్లు. అనగా ఆ ఏకును నిలువుగా వేలాడదీస్తే 10 మీటర్ల వరకు తన బరువును తాను మోయగలదు. ఇది వేలకొలది పోగుల సగటు గుణాన్ని తెలుపుతుంది, ఒంటి పోగు గుణాన్ని కాదు.

మెలి పద్ధతి: రెండు పోగులను ఒకదాని చుట్టూ ఒకటి కొన్ని చుట్లు మెలిపెట్టి, కొనలను లాగుతారు. పోగులు జారడం మొదలయ్యేటపుడు రెండువైపుల బలాల నిష్పత్తి, చుట్ల సంఖ్య, మెలి కోణం తెలిస్తే ఘర్షణ గుణకం వస్తుంది. పైన చెప్పిన గుంజకు చుట్టిన తాడు సూత్రమే ఇక్కడా వాడతారు.

ఊడదీసే పద్ధతి: పోగుల కట్టనుండి ఒక్క పోగు కొనను పట్టి బయటకు లాగి, లాగిన పొడవుకు తగినట్లు బలం ఎలా మారుతున్నదో గీతగా గీస్తారు. గీత నునుపుగా దిగితే పోగు సమంగా జారుతున్నదని, రంపపు పళ్ళలా ఉంటే ఆగి ఆగి జారుతున్నదని అర్థం.

అడ్డపోగుల పద్ధతి: ఆసంజనాన్ని నేరుగా కొలిచేది ఇదే. ఒక పోగును చట్రంమీద బిగువుగా అమరుస్తారు. రెండవ పోగును ఒక సన్నని స్ప్రింగు పట్టీకి అతికించి, మొదటి పోగుకు లంబంగా ఉండేటట్లు దగ్గరకు తెచ్చి తాకిస్తారు. తరువాత నెమ్మదిగా వెనుకకు లాగుతారు. పోగులు అంటుకొని ఉన్నంతసేపు పట్టీ వంగుతూ పోతుంది, ఒక క్షణంలో పోగు ఊడి పట్టీ వెనుకకు ఎగురుతుంది. ఊడేముందు పట్టీ ఎంత వంగిందో దానిని పట్టీ స్ప్రింగు స్థిరాంకంతో గుణిస్తే ఆసంజన బలం వస్తుంది. పట్టీ స్థిరాంకం మీటరుకు 0.2 న్యూటన్లు అయి, అది 1 మైక్రాన్ వంగితే, బలం 0.2 మైక్రోన్యూటన్లు. పట్టీ వంపును సాధారణంగా దానిమీద పడి పరావర్తనం చెందిన లేజరు కిరణపు కదలికనుబట్టి కనుగొంటారు.

పోగులను లంబంగా ఉంచడానికి కారణం ఉన్నది. సమాంతరంగా ఉంచితే ఎంత పొడవున తాకినదీ తెలియదు, కొద్దిపాటి వంకర ఉన్నా ఫలితం మారిపోతుంది. లంబంగా ఉంచితే స్పర్శ ఒక్క బిందువు దగ్గరే ఉంటుంది. సమాన వ్యాసార్ధమున్న రెండు స్తూపాలు లంబంగా తాకడం, అదే వ్యాసార్ధమున్న గోళం సమతలాన్ని తాకడంతో సమానమని గణితం చెబుతుంది. కాబట్టి గోళాలకు ఏర్పడిన సిద్ధాంతాన్ని పోగులకు నేరుగా వాడవచ్చును.

ఒక లెక్క

జేకేఆర్ సిద్ధాంతం ప్రకారం ఊడదీసే బలం = 1.5 × 3.14 × ఆసంజన శక్తి × పోగు వ్యాసార్ధం. ఆసంజన శక్తి అంటే తాకి ఉన్న ఒక చదరపు మీటరు ఉపరితలాన్ని విడదీయడానికి కావలసిన శక్తి. సాధారణ పాలిమర్లకు దీనిని చదరపు మీటరుకు సుమారు 0.08 జౌళ్ళుగా తీసుకోవచ్చును. పోగు గుండ్రంగా, నునుపుగా ఉన్నదనీ, సాంద్రత నీటికి 1.2 రెట్లనీ అనుకొంటే ఈ కింది విలువలు వస్తాయి. మొదటి అంకె పోగు వ్యాసం, రెండవది ఒక్క అడ్డస్పర్శను ఊడదీసే బలం, మూడవది ఆ ఒక్క స్పర్శ మోయగల అదే పోగు పొడవు.

- 250 మైక్రాన్లు (కొబ్బరి పీచు మందం): 47 మైక్రోన్యూటన్లు, 8 సెంటీమీటర్లు
- 15 మైక్రాన్లు (పత్తి పోగు మందం): 2.8 మైక్రోన్యూటన్లు, 1.4 మీటర్లు
- 1 మైక్రాన్: 0.19 మైక్రోన్యూటన్లు, 20 మీటర్లు
- 0.2 మైక్రాన్: 0.038 మైక్రోన్యూటన్లు, 100 మీటర్లు

పోగు సన్నబడితే ఆసంజన బలం కూడా తగ్గుతున్నది. కాని బరువు ఇంకా వేగంగా తగ్గుతున్నది. బలం వ్యాసార్ధానికి అనులోమానుపాతం, ఒక మీటరు పోగు బరువు వ్యాసార్ధపు వర్గానికి అనులోమానుపాతం. కనుక పోగు మందం పదో వంతు అయితే ఒక స్పర్శ మోయగల పొడవు పది రెట్లు అవుతుంది. లావు పీచులకు పురి అవసరం కావడానికి, అతి సన్నని పోగులు పురి లేకుండానే పొరగా అంటుకొని నిలవడానికి ఇదే కారణం.

ఇవి నునుపైన ఆదర్శ పోగుల విలువలు. నిజమైన కొబ్బరి పీచు బొడిపెలతో ఉంటుంది కాబట్టి దాని బలం ఇందులో చాలా స్వల్పభాగమే ఉంటుంది.

కొలతను మార్చే అంశాలు

గరుకుదనం: ఉపరితలంమీది బొడిపెలు రెండు పోగులను దూరంగా ఉంచుతాయి. 1975లో ఫుల్లర్, టాబర్ చేసిన ప్రయోగాలలో ఒక మైక్రాన్ స్థాయి గరుకుదనం కూడా రబ్బరు ఆసంజనాన్ని బాగా తగ్గించగలదని తేలింది.

తేమ: తాకినచోట చిన్న నీటి వంతెన ఏర్పడితే నీటి తలతన్యత పోగులను దగ్గరకు లాగుతుంది. నీరు పూర్తిగా తడిపే 1 మైక్రాన్ వ్యాసపు పోగులకు ఈ బలం సుమారు 0.45 మైక్రోన్యూటన్ల వరకు ఉండవచ్చును. ఇది పై లెక్కలోని పొడి బలానికి రెట్టింపుకంటె ఎక్కువ. కాబట్టి సముద్రతీరంలో చేసిన కొలతను, పొడి ప్రదేశంలో చేసిన కొలతను నేరుగా పోల్చకూడదు. నేత ప్రయోగశాలలలో గాలి తేమను, ఉష్ణోగ్రతను స్థిరంగా ఉంచి కొలవడానికి కారణం ఇదే.

స్థిరవిద్యుత్తు: పాలియెస్టర్ వంటి పోగులు రాపిడికి విద్యుదావేశాన్ని పొందుతాయి. ఒకే రకపు ఆవేశమున్న పోగులు వికర్షించుకొని ఏకు ఉబ్బుతుంది. ఆవేశాన్ని పోగొట్టకుండా కొలిస్తే ఫలితం తప్పుతుంది.

కాలం, వేగం: మెత్తని పాలిమరు పోగులు ఎక్కువసేపు తాకి ఉంటే స్పర్శ వైశాల్యం పెరుగుతుంది. త్వరగా లాగితే బలం ఎక్కువగాను, నెమ్మదిగా లాగితే తక్కువగాను కనబడవచ్చును. అందుచేత తాకిన సమయాన్ని, లాగిన వేగాన్ని ఫలితంతోపాటు పేర్కొనవలెను.

కోణం: పోగులు సరిగ్గా లంబంగా లేకపోతే స్పర్శ పొడవు పెరిగి బలం ఎక్కువగా వస్తుంది. రెండింటి మధ్య కోణం 30 డిగ్రీలే ఉంటే బలం లంబస్థితిలోని దానికి రెట్టింపు అవుతుంది.

ఉపయోగాలు

అంటుకోవలసిన చోట: నూలు, ఖద్దరు, కాగితం, దూది, ముఖానికి కట్టుకొనే వడపోత మాస్కులు మొదలైనవి. విద్యుత్‌క్షేత్రంతో సన్నని పోగులు తీసే పద్ధతికి ఫార్మ్‌హాల్స్ 1934లో అమెరికాలో పేటెంటు పొందాడు. ఈ పద్ధతిలో వచ్చిన పోగులు ఒక్క మైక్రాన్‌కంటె సన్నగా ఉండి, పొరగా పడి, అంటుకొని వడపోత గుడ్డగా పనికివస్తాయి. ఆసంజనం చాలకపోతే గాలి లేదా నీటి ఒత్తిడికి పోగులు పక్కకు జరిగి రంధ్రాలు పెద్దవవుతాయి. అపుడు వడపోత పనిచేయదు.

అంటుకోకూడని చోట: డయాలసిస్‌లో రక్తాన్ని శుద్ధిచేసే గొట్టం ఇందుకు మంచి ఉదాహరణ. ఇందులో దాదాపు పదివేల బోలు పోగులు కట్టగా ఉంటాయి. ఒక్కొక్క పోగు లోపలి వ్యాసం సుమారు 200 మైక్రాన్లు, గోడ మందం సుమారు 30 నుండి 40 మైక్రాన్లు. రక్తం పోగుల లోపలనుండి, శుద్ధిచేసే ద్రవం వాటి వెలుపలినుండి ప్రవహిస్తాయి. తడిగా ఉన్న పోగులు ఒకదానికొకటి అంటుకొంటే వాటి మధ్యకు ద్రవం చేరదు. ఆమేరకు పోగుల గోడలు వృథా అయి, రక్తం శుద్ధి కావడం తగ్గుతుంది. దీనిని నివారించడానికి తయారీదారులు పోగులకు సన్నని అలలవంటి వంపులు పెడతారు, కొందరు మధ్యలో విడదీసే దారాలు ఉంచుతారు. అలలున్న పోగులు కొన్ని బిందువుల దగ్గర మాత్రమే తాకుతాయి కనుక ద్రవం అంతటా పారుతుంది.

ఉద్దానం ప్రాంతానికి ఈ రెండవ ఉపయోగం దూరమైన సంగతి కాదు. ఇక్కడ దీర్ఘకాలిక మూత్రపిండవ్యాధి చాలా ఎక్కువ. దీనికి మూలకారణం ఇంకా ఇదమిత్థంగా తేలలేదు. వ్యాధి ముదిరినవారికి డయాలసిస్ జీవనాధారం. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. వంశధార నదిమీది హిరమండలం జలాశయంనుండి ఉద్దానం గ్రామాలకు తాగునీరు తెచ్చే పథకం కూడా అదే నెలలో ప్రారంభమైనది. తాడు పేనేవారికి పోగులు ఎంత గట్టిగా పట్టుకొంటే అంత మేలు. అదే ఊరిలో డయాలసిస్‌కు వెళ్ళేవారికి పోగులు ఎంత విడిగా ఉంటే అంత మేలు.

పరిమితులు

ఒంటి పోగుల కొలత చాలా సున్నితమైనది. ఒకే పోగుమీద వేర్వేరు చోట్ల వేర్వేరు విలువలు వస్తాయి. సహజ పోగుల మందం ఒక చివరనుండి మరొక చివరకు మారుతుంది, కాబట్టి వ్యాసార్ధాన్ని తాకినచోటనే సూక్ష్మదర్శినితో కొలవవలెను. ఒక్క కొలతతో నిర్ణయానికి రాక, అనేక పర్యాయాలు కొలిచి సగటును, విలువల వ్యాప్తిని రెండింటినీ చెప్పడం ఆనవాయితీ.

ఒంటి పోగు ఫలితాన్నిబట్టి దారం లేదా గుడ్డ బలాన్ని నేరుగా చెప్పలేము. దారంలో పురి, పోగుల పొడవు, అమరిక కూడా కలుస్తాయి. అందువలన ఏకు పరీక్ష, ఒంటి పోగు పరీక్ష ఒకదానికి మరొకటి ప్రత్యామ్నాయం కావు. మొదటిది దారం నిలుస్తుందా లేదా అన్నది చెబుతుంది. రెండవది ఎందుకు నిలుస్తున్నదో చెబుతుంది.

ఇవి కూడా చూడండి

- కొబ్బరి పీచు
- పొందూరు ఖద్దరు
- ఉద్దానం
- మందస మండలం
- ఘర్షణ
- తలతన్యత
- డయాలసిస్